పొదుపరా, పిసినారా? స్వభావాన్ని చెప్పే ఇంగ్లీషు విశేషణాల్లో దాగిన తీర్పు

మనుషుల స్వభావం గురించి చెప్పే ఇంగ్లీషు విశేషణాలు నేర్చుకుందామని కూర్చుంటే ముందు దొరికేది ఒక జాబితా. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు అర్థం. స్టబ్బర్న్ అంటే మొండి, ఫ్రూగల్ అంటే పొదుపు, బ్లంట్ అంటే ముక్కుసూటి. అలా వంద మాటలు బట్టీ పట్టినవాళ్లకు కూడా ఇంటర్వ్యూలో తమ గురించి చెప్పుకోవాల్సి వస్తే నోరు తడబడుతుంది. సహోద్యోగికి సిఫారసు ఉత్తరం రాయాల్సి వస్తే చెయ్యి ఆగిపోతుంది. అర్థం తెలుసు గానీ ఆ మాట ఇక్కడ వాడొచ్చా లేదా అన్న టెన్షన్ పోదు.

ఆ టెన్షన్‌లో న్యాయం ఉంది. ఈ విశేషణాల్లో చాలావాటికి జాబితాకెక్కని ఇంకో సగం ఉంటుంది. ఒక మనిషి ఎలా నడుచుకుంటాడో చెబుతూనే, ఆ నడవడిక చెప్పేవాళ్లకు నచ్చిందో లేదో కూడా అవి చెప్పేస్తాయి. ఆ రెండో సగం తెలియకుండా మాట వాడితే, పొగుడుదామనుకున్న మనిషిని నొప్పిస్తాం, లేదా మనల్ని మనమే తక్కువ చేసుకుంటాం.

నిఘంటువును జల్లెడ పట్టినవాళ్లు

స్వభావాన్ని చెప్పే మాటలు ఇంగ్లీషులో ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న కొత్తది కాదు. 1884లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ రోజెట్ పర్యాయపద కోశాన్ని తిరగేసి, కనీసం వెయ్యి మాటలైనా ఉంటాయని అంచనా వేశాడు. ఒక్కో మాటకూ తనదైన ఛాయ ఉన్నా, అర్థంలో పెద్ద భాగాన్ని పక్క మాటలతో పంచుకుంటుందని కూడా గమనించాడు.

ఆ పనిని ఓపికగా పూర్తి చేసింది అమెరికన్ మనస్తత్వవేత్తలు గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్. వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువును మొదటి నుంచి చివరి దాకా చూసి, ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి వేరు చేసి చెప్పడానికి పనికొచ్చే మాటలన్నీ ఏరారు. 1936లో ప్రచురించిన వాళ్ల లెక్క 17,953. వాటిని నాలుగు వరుసలుగా విడగొట్టారు. సోషబుల్, అగ్రెసివ్ లాంటి స్థిర లక్షణాలు 4,504. అప్పటికప్పుడు వచ్చిపోయే మనస్థితులు 4,541. వర్తీ, ఇన్‌సిగ్నిఫికెంట్ లాంటి, మనిషి గురించి కన్నా అతని మీద ఇతరుల అభిప్రాయాన్నే ఎక్కువగా చెప్పే మాటలు 5,226. ఎక్కడా ఇమడనివి 3,682.

ఈ నాలుగింట్లో అన్నిటికన్నా పెద్ద వరుస మూడోది, తీర్పుల వరుస. ఒక భాష మనుషుల గురించి పోగేసుకున్న మాటల్లో ఒక పెద్ద భాగం వర్ణనకు పుట్టినవి కావు, మెచ్చుకోవడానికో ఎత్తిపొడవడానికో పుట్టినవి. శాస్త్రం కోసం తీర్పు మాటలను పక్కన పెడదామని వాళ్లిద్దరూ ప్రయత్నించారు. అయినా మొదటి వరుసలో మిగిలిన 4,504లో కూడా తీర్పు సోకని మాటలు తక్కువే.

ఆ తర్వాతి కథ చాలామంది వినే ఉంటారు. మనస్తత్వవేత్త రేమండ్ కాటెల్ 1940లలో ఆ 4,504 మాటలను 171 గుంపులుగా కుదించాడు, మళ్లీ వాటిని 35కి తెచ్చాడు. 1961లో అమెరికా వైమానిక దళం కోసం పనిచేసిన ట్యూప్స్, క్రిస్టల్ ఇలాంటి సమాచారాన్నే మళ్లీ విశ్లేషిస్తే పదే పదే ఐదు గుంపులు తేలాయి. 1981లో లూయిస్ గోల్డ్‌బర్గ్ వాటికి బిగ్ ఫైవ్ అని పేరు పెట్టాడు. కొత్త విషయాలపై ఆసక్తి, పనిలో బాధ్యత, నలుగురిలో చొరవ, ఎదుటివారితో సౌమ్యత, మనసు నిలకడ అని వాటిని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఇదే పద్ధతిని డచ్, ఫ్రెంచ్, జర్మన్, హంగేరియన్, ఇటాలియన్, కొరియన్, పోలిష్ భాషల విశేషణాల మీద ప్రయోగించి చూసినప్పుడు ఆరో గుంపు కూడా కనబడింది. నిజాయితీ, అణకువలకు సంబంధించిన మాటలన్నీ అందులో చేరాయి. దీన్ని 2004లో మైఖేల్ ఆష్టన్, ఆయన సహ పరిశోధకులు ప్రచురించారు.

మాటలు నేర్చుకునేవాళ్లకు ఈ గుంపులు బాగానే ఉపయోగపడతాయి. అక్షర క్రమంలో నేర్చుకునే కన్నా పనికి సంబంధించినవి ఒకచోట, మనుషులతో మెలగడానికి సంబంధించినవి ఒకచోట పెట్టుకుంటే గుర్తుంటాయి. కాకపోతే ఒక్కో గుంపు లోపల ఏ మాట మెప్పు, ఏ మాట నింద అన్నది అవి చెప్పవు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

నాలుగు గదుల పట్టిక

1948లో బీబీసీ రేడియో చర్చలో తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ ఒక క్రియారూపాన్ని వల్లించినట్టుగా మూడు వాక్యాలు చెప్పాడు. నేనైతే ఫర్మ్, నువ్వైతే ఆబ్‌స్టినేట్, వాడైతే పిగ్-హెడెడ్ ఫూల్. ముగ్గురూ చేసేది ఒకటే, అనుకున్నదాని నుంచి కదలకపోవడం. నేను చేస్తే అది స్థిరత్వం, ఎదురుగా ఉన్నవాడు చేస్తే మొండితనం, ఇక్కడ లేనివాడు చేస్తే మూర్ఖత్వం. మాట్లాడేవారికి మనిషి ఎంత దూరమైతే మాట అంత కరుకు. తెలుగులో మనమూ అంతే. మనవాడిది పట్టుదల, పక్కవాడిది పంతం.

ఈ సంగతిని పద్ధతిగా విడదీసి చూపిన పరిశోధకుడు డీన్ పీబాడీ. 1967లో ఆయన చేసిన ఏర్పాటు ఏ పాఠ్యపుస్తకం కన్నా నాకు ఎక్కువ ఉపయోగపడింది. ఒక గుణానికి రెండు దిక్కులుంటాయి, ఒక్కో దిక్కుకూ ఒక మంచి మాట, ఒక చెడ్డ మాట ఉంటాయి. డబ్బు విషయమే తీసుకుందాం. చెయ్యి బిగించి ఖర్చు పెట్టేవాడు నచ్చితే థ్రిఫ్టీ, నచ్చకపోతే స్టింజీ. చెయ్యి వదిలి ఖర్చు పెట్టేవాడు నచ్చితే జెనరస్, నచ్చకపోతే ఎక్స్‌ట్రావగెంట్. సాహసం విషయంలో ఒక దిక్కున కాషస్, టిమిడ్. ఇంకో దిక్కున బోల్డ్, రాష్. జాగ్రత్తపరుడు, పిరికివాడు; ధైర్యస్తుడు, దుడుకు మనిషి.

ఈ నాలుగు గదుల పట్టిక గీసుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. థ్రిఫ్టీకి వ్యతిరేక పదం ఏమిటని పరీక్షలో అడిగితే ఎక్స్‌ట్రావగెంట్ అని రాస్తాం. అది నిజమే. కానీ థ్రిఫ్టీ నుంచి ఒక్క అడుగు పక్కకు వేస్తే స్టింజీ వస్తుంది. ప్రవర్తన మారలేదు, చూసేవారి మనసు మారింది. నిత్య జీవితంలో మనం తప్పటడుగు వేసేది వ్యతిరేక పదాల దగ్గర కాదు, ఈ పక్క పదాల దగ్గర.

మరికొన్ని గుణాలకు పట్టిక వేసి చూడండి. వివరాలన్నీ పట్టించుకునే మనిషి మెటిక్యులస్ కావచ్చు, ఫస్సీ కావచ్చు. మొదటిది రెజ్యూమేలో రాసుకోవచ్చు, రెండోది చాదస్తం. దేనికీ కంగారుపడని మనిషి ఈజీ-గోయింగ్, అదే మనిషి మీద కోపమొస్తే కేర్‌లెస్. తెలుసుకోవాలనే కోరిక ఉంటే క్యూరియస్, ఎదుటివాళ్ల సొంత విషయాల్లోకి తొంగి చూస్తే నోజీ. తన మీద తనకు నమ్మకం ఉంటే కాన్ఫిడెంట్, ఆ నమ్మకం ఇతరులను చిన్నబుచ్చితే ఆరొగెంట్. మనసులో మాట చెప్పేస్తే ఫ్రాంక్, చెప్పే తీరు గుచ్చుకుంటే బ్లంట్, ఎదుటివారి పరిస్థితి కూడా చూడకుండా చెబితే టాక్ట్‌లెస్. మొదట్లో చెప్పిన జాబితాలో బ్లంట్ పక్కన ముక్కుసూటి అని రాసి ఉంటుంది. కానీ తెలుగులో ముక్కుసూటి మనిషి అన్నప్పుడు చాలాసార్లు గౌరవం ఉంటుంది. బ్లంట్‌లో ఆ గౌరవం పలచన. గౌరవంగా చెప్పాలంటే స్ట్రెయిట్‌ఫార్వర్డ్ అనాలి.

కొన్ని మాటలు సందర్భాన్ని బట్టి గది మారతాయి. అమ్మకాల ఉద్యోగ ప్రకటనలో అగ్రెసివ్ అంటే దూసుకుపోయేవాడు, మనిషి గురించి మామూలుగా చెప్పేటప్పుడు గొడవలకు దిగేవాడు. ప్రౌడ్ ఆఫ్ హర్ వర్క్ అంటే చేసిన పని పట్ల తృప్తి, ఎ ప్రౌడ్ మ్యాన్ అంటే చాలాచోట్ల పొగరు. మనిషిని బట్టి మారేవీ ఉన్నాయి, వీటి గురించి గట్టిగానే చెప్పాలి. అందరికీ పని పురమాయించే మగవాణ్ని డెసిసివ్ అనే నోళ్లే, అదే పని ఆడమనిషి చేస్తే బాసీ అంటాయి. ఆ మాట వాడే ముందు, ఈమె స్థానంలో మగవాడుంటే ఏమనేవాణ్నని ఒక్క క్షణం ఆగి చూసుకోవడం భాషకూ మంచిదే, ఆమెకూ న్యాయమే.

ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలోనే ఊరు మారితే అర్థం మారే విశేషణాలు కూడా ఉన్నాయి. మీన్ అంటే బ్రిటన్‌లో ముఖ్యంగా పిసినారి, అమెరికాలో దయలేనివాడు. హోమ్లీ అంటే బ్రిటన్‌లో ఇంటిలా హాయిగా అనిపించేది. అమెరికాలో ఒక మనిషిని అలా అంటే అందంగా లేరని. ఆ మాటను మనుషులకు వాడకపోవడమే మేలు.

తెలుగులోకి వచ్చి దారి మళ్లిన మాటలు

మనకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఇంకోటుంది. కొన్ని ఇంగ్లీషు విశేషణాలు తెలుగులో ఎంతగా కలిసిపోయాయంటే, వాటి అర్థం మనకు తెలుసనే ధీమాతో ఉంటాం. సిన్సియర్ వాటిలో మొదటిది. సిన్సియర్‌గా పనిచేస్తాడు అంటే మన దృష్టిలో శ్రద్ధగా, బాధ్యతగా చేస్తాడని. ఇంగ్లీషులో సిన్సియర్ అంటే లోపల ఉన్నదే పైకి చెప్పేవాడు, నటన లేనివాడు. పని శ్రద్ధకు కాన్‌షెన్షస్, డెడికేటెడ్, డిలిజెంట్ లాంటి మాటలున్నాయి. దరఖాస్తులో ఐ యామ్ ఎ సిన్సియర్ ఎంప్లాయీ అని రాస్తే తప్పేమీ లేదు, కానీ మనం చెప్పదలచుకున్న శ్రద్ధ చదివేవారికి చేరదు.

సింపుల్ ఇంకా ప్రమాదం. ఇంత పెద్ద హోదాలో ఉండి కూడా చాలా సింపుల్ మనిషండీ అని తెలుగులో మెచ్చుకుంటాం. ఇంగ్లీషులో ఒక మనిషిని సింపుల్ అంటే తెలివి తక్కువ అని వినబడే అవకాశం ఉంది. ఆడంబరం లేనివారు అనడానికి డౌన్-టు-ఎర్త్, అన్‌ప్రిటెన్షస్ ఉన్నాయి. అమాయకుడు అనాలనుకుని ఇన్నొసెంట్ అంటే, పెద్దవాళ్ల విషయంలో ముందు స్ఫురించేది నేరం చేయనివాడని. లోకం పోకడ తెలియనివాడు నయీవ్, ఎవరేం చెప్పినా నమ్మేవాడు గల్లిబుల్. ఈ రెండింట్లోనూ మన అమాయకుడిలో ఉండే జాలి, ఆప్యాయత తక్కువ. గడుసుకు ష్రూడ్ దగ్గరగా వస్తుంది. లౌక్యం మెచ్చదగినదైతే టాక్ట్‌ఫుల్ లేదా డిప్లొమాటిక్, అందులో జిత్తులు కనబడితే కన్నింగ్.

సెన్సిబుల్, సెన్సిటివ్ కలగాపులగం కావడం అందరికీ తెలిసిందే. మొదటిది వివేకం, రెండోది త్వరగా మనసుకు తగిలే గుణం. చైల్డ్‌లైక్, చైల్డిష్ కూడా అంతే. పసితనపు స్వచ్ఛత ఒకటి, వయసుకు తగని పిల్లచేష్టలు ఇంకోటి.

పక్కన ఏ మాట ఉంది, ముందు ఏ మాట వచ్చింది

విశేషణం ఎప్పుడూ ఒంటరిగా పనిచేయదు. 1946లో మనస్తత్వవేత్త సాలొమన్ ఆష్ రెండు బృందాలకు ఒక మనిషి గురించి ఏడు మాటలు వినిపించాడు. తెలివైనవాడు, నేర్పరి, కష్టపడేవాడు, ఆప్యాయత ఉన్నవాడు, పట్టుదల గలవాడు, ఆచరణ తెలిసినవాడు, జాగ్రత్తపరుడు. రెండో బృందానికి ఒక్క మాటే మార్చి, వార్మ్ బదులు కోల్డ్ అన్నాడు. మిగతా ఆరూ అవే అయినా రెండు బృందాల ఊహల్లో మెదిలిన మనుషులు వేరైపోయారు. మొదటి బృందం అతన్ని ఉదారుడిగా, మంచి స్వభావం గలవాడిగా ఎంచింది. రెండో బృందంలో అలా ఎంచినవాళ్లు బాగా తగ్గారు. అదే స్థానంలో పొలైట్, బ్లంట్ పెట్టి చూస్తే మాత్రం అంత తేడా రాలేదు. అంటే అన్ని విశేషణాలకూ ఒకే బరువు లేదు. కొన్ని మిగతావాటి అర్థాన్నే మార్చేస్తాయి. ఆప్యాయత గల తెలివైనవాడి తెలివి వేరు, మనసు గడ్డకట్టిన తెలివైనవాడి తెలివి వేరు.

ఆష్ ఇంకో ప్రయోగంలో మాటలేవీ మార్చలేదు, వరుస తిప్పాడు, అంతే. తెలివైనవాడు అని మొదలై అసూయపరుడు అని ముగిస్తే వినేవాళ్లు లోపాలున్నా సమర్థుడని అనుకున్నారు. అసూయతో మొదలుపెడితే ఆ లోపాలే సామర్థ్యాన్ని మింగేశాయి. సిఫారసు ఉత్తరం రాసేవారికి ఇది నేరుగా పనికొచ్చే విషయం. మొదటి వాక్యంలోని విశేషణం తర్వాతి మాటలన్నిటికీ రంగు పూస్తుంది.

ఏ మాట బరువెంత అన్నదానికి ఒక కొలత కూడా ఉంది. 1968లో నార్మన్ ఆండర్సన్ 555 స్వభావ పదాలను కాలేజీ విద్యార్థుల ముందు పెట్టి, అలాంటి మనిషి మీకెంత నచ్చుతాడని అడిగాడు. అన్నిటికన్నా పైన నిలిచింది సిన్సియర్, ఆ వెంటనే ఆనెస్ట్. అట్టడుగున నిలిచింది లయర్, అబద్ధాలకోరు. తెలివిని చెప్పే మాటలు కూడా పైభాగంలోనే ఉన్నాయి కానీ నిజాయితీ తర్వాతే. మనం ఇంటర్వ్యూల్లో ఇంటెలిజెంట్, హార్డ్‌వర్కింగ్ అని ఎక్కువ చెప్పుకుంటాం. నమ్మదగినవాళ్లమని చెప్పడం గుర్తురాదు.

మనిషా, ఆ క్షణమా?

ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ రెండో వరుస గుర్తుందా, వచ్చిపోయే మనస్థితులది? ఇంగ్లీషు వ్యాకరణం ఆ తేడాను ఒక చిన్న మాటతో చూపిస్తుంది. హీ ఈజ్ రూడ్ అంటే వాడి స్వభావమే మర్యాద లేనిది. హీ ఈజ్ బీయింగ్ రూడ్ అంటే ఇప్పుడు, ఈ కాసేపు అలా ప్రవర్తిస్తున్నాడు. తెలుగులో వాడు మొండివాడు అనడానికీ వాడు మొండికేస్తున్నాడు అనడానికీ ఉన్నంత తేడా. బీయింగ్ వాడితే మనిషిని మొత్తంగా దోషిని చేయకుండా ఆ ప్రవర్తన వరకే తప్పుపట్టినట్టవుతుంది. కోపంలో ఉన్నప్పుడు పిల్లలతో, సహోద్యోగులతో ఈ తేడా పాటించడం చాలా అవసరమని నా నమ్మకం. మనం ఇతరుల తప్పును వాళ్ల స్వభావానికీ, మన తప్పును పరిస్థితులకూ అంటగట్టే అలవాటున్న జీవులం.

ఇంకో చిన్న మాటలోనూ తీర్పు ఉంది. ఇట్ వాజ్ కైండ్ ఆఫ్ యూ టు వెయిట్ అన్నప్పుడు ఆఫ్ వస్తుంది. ఇట్ వాజ్ డిఫికల్ట్ ఫర్ యూ టు వెయిట్ అన్నప్పుడు ఫర్ వస్తుంది. మొదటి వాక్యంలో విశేషణం ఎదురుచూసిన మనిషి మంచితనాన్ని చెబుతోంది, రెండో వాక్యంలో ఎదురుచూడటమనే పనిలోని కష్టాన్ని. కేర్‌లెస్, జెనరస్, సిల్లీ, బ్రేవ్ అన్నీ కైండ్ లాంటివే, ఆఫ్ కోరతాయి. ఈ ఒక్కటి పట్టుబడితే వాక్యం వెంటనే సహజంగా వినబడుతుంది.

బోర్డ్, బోరింగ్ తేడా పాఠశాలలోనే చెబుతారు కాబట్టి దాని గురించి ఒక్క మాటే. ఐ యామ్ బోరింగ్ అంటే విసుగు పుట్టేది వినేవాళ్లకు.

తీర్పు తీవ్రత తగ్గించే దారులూ ఉన్నాయి. హీ ఈజ్ ఇంపేషెంట్ అంటే ముద్ర వేసినట్టు. హీ కెన్ బీ ఇంపేషెంట్ అంటే అప్పుడప్పుడూ. హీ టెండ్స్ టు బీ ఇంపేషెంట్ అంటే ఆ వైపు మొగ్గు. బ్రిటిష్ వాళ్లు నాట్ ది మోస్ట్ పేషెంట్ పర్సన్ అని కూడా అంటారు. వినడానికి మెత్తగా ఉన్నా అది గట్టి విమర్శే.

ఉత్తరంలో, ఇంటర్వ్యూలో

సిఫారసు ఉత్తరాల్లో విశేషణాలు ఎలా పనిచేస్తాయో ఫ్రాన్సెస్ ట్రిక్స్, కారొలిన్ సెంకా 2003లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. అమెరికాలో ఒక వైద్య కళాశాల అధ్యాపక పోస్టులకు వచ్చిన మూడు వందలకు పైగా ఉత్తరాలను వాళ్లు చదివారు. అందరూ ఆ ఉద్యోగాలు సంపాదించినవాళ్లే. అయినా మహిళల కోసం రాసిన ఉత్తరాలు సగటున పొట్టిగా ఉన్నాయి. హార్డ్‌వర్కింగ్, డిపెండబుల్, కాన్‌షెన్షస్ లాంటి చాకిరీ మాటలు వాటిలో ఎక్కువగా కనబడ్డాయి. ఆ మాటల్లో ఒక్కటి కూడా తిట్టు కాదు, రాసినవాళ్లంతా మెచ్చుకుంటున్నామనే అనుకుని ఉంటారు. కానీ ఒకరి గురించి బ్రిలియంట్ అనీ, ఇంకొకరి గురించి డిపెండబుల్ అనీ రాస్తే, పదోన్నతి దగ్గర ఆ రెండు మాటలూ సమానంగా తూగవు. మెప్పులోనూ మెట్లుంటాయి.

అందుకే ఎవరి గురించైనా రాసేటప్పుడు మాటను ఎంచుకోవడంతో పని అయిపోదు, ఆ మాటకు ఆధారం కూడా చూపించాలి. షీ ఈజ్ రిసోర్స్‌ఫుల్ అని వదిలేస్తే అది రాసేవాడి అభిప్రాయం. సర్వర్ ఆగిపోయిన రాత్రి ఉన్న పరికరాలతోనే తెల్లారేలోగా పని నడిపించింది అని రెండో వాక్యం రాస్తే, ఆ విశేషణాన్ని చదివేవారే తమంతట తాము ఒప్పుకుంటారు. ఒక్కోసారి ఆ రెండో వాక్యం ఉంటే మొదటిది అక్కర్లేదు కూడా. ఐదు విశేషణాలు వరసగా పేర్చిన ఉత్తరం కన్నా, ఒక విశేషణం, దాని వెనుక ఒక సంఘటన ఉన్న ఉత్తరాన్నే నేను నమ్ముతాను.

ఇంటర్వ్యూలో మీ బలహీనత చెప్పండి అని అడిగినప్పుడు చాలామంది పర్‌ఫెక్షనిస్ట్ అంటారు. అది నామవాచకం, పైగా అరిగిపోయిన జవాబు. నాలుగు గదుల పట్టిక ఇక్కడ నిజాయితీగా సాయపడుతుంది. మీ బలమేమిటో చూసుకుని, దాని పక్క గదిలోకి తొంగి చూడండి. మెటిక్యులస్ అయితే పక్క గదిలో స్లో ఉండొచ్చు. డెసిసివ్ అయితే హేస్టీ, అంటే తొందరపాటు, ఉండొచ్చు. ఐ టెండ్ టు బీ హేస్టీ, సో ఐ ఆస్క్ ఎ కొలీగ్ టు చెక్ మై బిగ్ డెసిషన్స్ అని చెబితే, టెండ్ టు వల్ల అది శాశ్వత ముద్ర కాదని తెలుస్తుంది, మిగతా సగం వల్ల దానికి మీరేం చేస్తున్నారో తెలుస్తుంది. హేస్టీ అన్న మాట నుంచి వెనక్కి నడిస్తే డెసిసివ్ ఎంత దగ్గరో అడిగినవాళ్లకూ తెలుసు.